నూకరాజు పేరు మీద

బుధవారం పొద్దున్న నాగేంద్ర తెచ్చి బల్ల మీద పెట్టిన కాగితంలో పద్నాలుగు ఫ్రిజ్‌ల పేర్లున్నాయి. నెహ్రూ నగర్‌లో కొత్తగా తెరిచిన మందుల గోదాము వాళ్ళవి. ఒక్కో ఫ్రిజ్‌కి మూడేసి రూల్సు. మొత్తం నలభై రెండూ సాయంత్రం నాలుగింటికల్లా పెట్టెయ్యాలి.

"దీదీ, ఓనరు నాలుగింటికి తన ఫోన్‌లో చూసుకుంటానన్నాడు. ఒక్క గడి కూడా ఎర్రగా కనపడకూడదు," అన్నాడు నాగేంద్ర.

"ఎర్రగా కనపడకూడదంటే ఆయన ఫ్రిజ్‌లు చల్లగా ఉండాలి. నా చేతిలో ఏముంది?" అంది నీలవేణి.

"అరే, మొదటిరోజు కదా, హద్దులు కాస్త వదులుగా పెట్టండి. బాద్ మే దేఖేంగే."

అతను సూపర్‌వైజరు. ఆమెకన్నా పదేళ్ళు చిన్నవాడు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే కావడంతో తెలుగు మొదలుపెట్టి హిందీలో ముగిస్తాడు. అతను తన గదిలోకి వెళ్ళాక నీలవేణి కుర్చీ ముందుకి జరుపుకుంది.

బిలాస్‌పూర్ తార్‌బహార్‌లో ఇనుప సామాన్ల కొట్టు పైన మొదటి అంతస్తులో ఆ ఆఫీసు. ఊళ్ళోనూ చుట్టుపక్కలా మందులూ రక్తమూ దాచే ఫ్రిజ్‌లు రెండొందల పైన ఉన్నాయి. ప్రతిదాని లోపలా వేడి కొలిచే చిన్న తీగ ఒకటి. ఆ అంకెలన్నీ వచ్చి ఇక్కడ గోడ మీదున్న తెరలో గడులుగా నిలబడతాయి. అంతా సరిగ్గా ఉంటే గడి ఆకుపచ్చ, హద్దు దాటితే ఎరుపు.

ఆ హద్దులు రాసేది నీలవేణి. ఏ ఫ్రిజ్, ఎన్ని డిగ్రీలు దాటితే, ఎంతసేపు దాటి ఉంటే, ఎవరికి చెప్పాలి. రక్తం దాచే ఫ్రిజ్ అయితే ఆరు డిగ్రీలు దాటి పది నిమిషాలుండాలి. అప్పుడు ఆ దారిలో తిరిగే టెక్నీషియన్ ఫోన్‌కి అలర్టు పోతుంది. అతను పదిహేను నిమిషాల్లో 'అందింది' అని నొక్కాలి. నొక్కకపోతే అదే అలర్టు నాగేంద్రకి పోతుంది. ఇంకో పదిహేను నిమిషాలు గడిచినా ఎవరూ నొక్కకపోతే ఆ రక్తనిధి వాళ్ళకే పోతుంది. ఎవరో ఒకరు నొక్కితే చాలు, అది అక్కడితో ఆగిపోతుంది. గోడ మీద గడి ఎరుపు పోయి లేత పసుపవుతుంది. ఎవరో చూసుకుంటున్నారని దానర్థం.

ఎరుపు కనిపిస్తే నీలవేణికి గొంతు కింద ఏదో బిగుసుకునేది. అది తెర మీది రంగేనని తెలుసు. తెలిసినా, ఆ గడి పసుపయ్యేదాకా ఊపిరి సగమే ఆడేది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఇదొక జబ్బా, పనా అన్నది ఆమెకే తేలలేదు.

ఒంటిగంట దాటి పద్నాలుగు నిమిషాలకి ఆమె ఇరవై మూడో రూల్ రాస్తోంది. టిఫిన్ డబ్బా ఇంకా తెరవలేదు. తెరలో కింది వరసన ఒక గడి ఎర్రబడింది. తఖత్‌పూర్ రక్తనిధి, రెండో ఫ్రిజ్.

తఖత్‌పూర్ వైపు టెక్నీషియన్ నూకరాజు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మోపెడ్ మీద తిరుగుతాడు, అక్షరాలు చదవలేడు. నెలలో మూడుసార్లు పదిహేను నిమిషాలు దాటితే కాంట్రాక్టు తీసేస్తారు. ఈ ఫోన్లో నొక్కే పద్ధతి ఏప్రిల్‌లోనే వచ్చింది, మొదటి వారంలోనే అతనికి రెండు దాటాయి. రెండోది దాటిన రోజున నీలవేణే అతని లాగిన్ అడిగి తీసుకుని, తన కంప్యూటర్లో ఒక పక్క తెరిచి పెట్టుకుంది. "నువ్వు బండి మీదుంటావు మావయ్యా. నేను నొక్కేసి నీకు ఫోన్ చేస్తాను, నువ్వెళ్ళి పని చూసుకో," అంది. "అచ్ఛా, నీ చెయ్యయితేనేటి, నా చెయ్యయితేనేటమ్మా," అన్నాడు అతను. అప్పట్నుంచీ అలాగే నడుస్తోంది. ఒక్కసారి కూడా అతను ఆలస్యం కాలేదు.

ఆమె చెయ్యి దానంతటదే కదిలింది. కంప్యూటర్లో రెండో కిటికీ తెరిచి నూకరాజు పేరు మీద 'అందింది' నొక్కింది. గడి పసుపైంది. ఫోన్ తీసి అతని నంబరు కలిపింది. అవతల హిందీలో అమ్మాయి గొంతు, అందుబాటులో లేరంది. ఆ దారిలో అది మామూలే. అయిదు నిమిషాలాగి చెయ్యాలనుకుని ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది.

అప్పుడే నాగేంద్ర గదిలోంచి దాదాపు పరుగెత్తుకొచ్చాడు.

"దీదీ, ఏం చేశారు? గోదాము ఓనరు ఫోన్‌కి పదకొండు అలర్టులు పోయాయట. నన్ను తిడుతున్నాడు."

ఏడో ఫ్రిజ్ రూల్లో పది నిమిషాలకి బదులు సున్నా పడింది. ఈ గోదాము అలర్టులు ముందు ఓనరుకే పోతాయి కనక తలుపు తీసిన ప్రతిసారీ ఆయన ఫోన్ మోగుతోంది. నాగేంద్ర కుర్చీ వెనక చెయ్యేసి నిలబడ్డాడు. ఆమె ఒక్కో రూల్ తెరిచి చూపిస్తుంటే అతను తర్వాతది తర్వాతదని "ఆగే, ఆగే" అంటూ పోయాడు. నలభై రెండో రూల్ పూర్తయ్యేసరికి నాలుగుకి మూడు నిమిషాలుంది. నెహ్రూ నగర్ గడులు పద్నాలుగూ ఆకుపచ్చగా వరసగా నిలబడ్డాయి.

"శాబాష్ దీదీ," అన్నాడు నాగేంద్ర.

అయిదూ నలభైకి తఖత్‌పూర్ నుంచి ఫోనొచ్చింది. రక్తం కోసం రెండో ఫ్రిజ్ తలుపు తీసిన నర్సు చేతికి సంచి గోరువెచ్చగా తగిలిందట. లోపల పంతొమ్మిది డిగ్రీలు. ముప్ఫై ఒక్క సంచులు పారబొయ్యాలి.

నీలవేణి గోడకేసి చూసింది. కింది వరసలో ఆ గడి లేత పసుపుగా, మధ్యాహ్నం తను ఎలా వదిలిందో అలాగే ఉంది.

నాగేంద్ర రికార్డు తెరిచాడు. అతని వేలు తెర మీద ఒకచోట ఆగింది. "ఒంటిగంట పద్నాలుగు. నూకరాజు, అందింది. దేఖో, నొక్కాడు. నొక్కి వెళ్ళలేదు."

ఆమె నోరు తెరిచింది. కానీ వచ్చిన మాట వేరు. "ఆయనకి ఫోన్ చేయమంటారా?" అంది.

ఆరున్నరకి నూకరాజు వచ్చాడు. మెట్లెక్కిన ఆయాసం. చేతులకి గ్రీజు. చెప్పులు బయట విడిచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అంకుల్, మధ్యాహ్నం మీరు నొక్కారా?" అన్నాడు నాగేంద్ర తెర అతని వైపు తిప్పి.

నూకరాజు తెరకేసి వంగి చూశాడు. అక్షరాలు రాకపోయినా తన పేరు ఆకారం అతనికి తెలుసు. నీలవేణి వైపు తిరుగుతాడేమోనని ఆమె చూసింది. తిరగలేదు.

"నా పేరే ఉన్నాది కద బాబూ," అన్నాడు.

"మరి వెళ్ళలేదేం?"

"తప్పయిపోనాది."

*

గురువారం ఆమెకి సెలవు. పొద్దున్న వంటింట్లో తల్లి కనకం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. నీలవేణి ఎదురుగా కూర్చుని ఒక కాయ తీసి, ఈనె తీసి, ఆ ఈనెనే గిన్నెలో వేసి కాయని కింద పడేసింది.

"ఏటే, నిద్దరోలేదా?" అంది కనకం.

నీలవేణి చెప్పింది. చెప్పడం మొదలుపెట్టాక ఆపుకోలేకపోయింది. కనకం చేతులు ఆపకుండా విన్నది.

"అందులో నువ్వు చేసిన తప్పేటి? నాను మీ నాన్నకి అలాగే చేసీదాన్ని. రైల్వే కాల్‌మేన్ పుస్తకం పట్టుకుని గుమ్మంలోకొచ్చీవోడు. డూటీ ఉన్నాది, సంతకం పెట్టమనీవోడు. మీ నాన్న అప్పుడే రైలింజను దిగొచ్చి పడుకున్నోడు. నానే ఆ పుస్తకంలో ఆయన సంతకం పెట్టీసి, ఇంకో పది నిమిషాలు పడుకోనిచ్చి లేపీదాన్ని. మా రైల్వే లైన్లో ఆడోళ్ళందరమూ అంతే."

"ఎప్పుడైనా లేపడం మర్చిపోయావా అమ్మా?"

కనకం చేతిలో కాయ ఆగింది. దాన్ని రెండుగా విరిచింది. ఆ ముక్కల్ని మళ్ళీ రెండేసిగా విరిచింది.

"ఒక్కసారి," అంది. "పాలు పొంగిపోతే అటెల్లిపోనాను. ఆయన బండిని ఇంకొకాయన పట్టికెళ్ళిపోనాడు. మీ నాన్నకి చార్జిషీటిచ్చినారు. సంతకం పెట్టి రాలేదని."

"నువ్వు పెట్టానని నాన్న చెప్పలేదా?"

"ఏటి చెప్తాడు? పుస్తకంలో ఆయన పేరుంటే డూటీ ఆయనదే." కాయలకేసే చూస్తూ అంది. "నన్ను ఒక్క మాటనలేదు. మంచిదీ చెడ్డదీ ఏదీ అనలేదు. మూడు నెల్లు. అన్నం పెడితే తినీవోడు."

నీలవేణి లేచి చెప్పులేసుకుంది.

నూకరాజు ఇల్లు తార్‌బహార్‌లోనే వెనక సందులో. వెళ్ళేసరికి అతను వరండాలో మోపెడ్ చక్రం విప్పి ట్యూబు నీళ్ళ బేసిన్లో ముంచి చూస్తున్నాడు. కోడలు సౌభాగ్య లోపల్నుంచే మాట్లాడుతోంది.

"రండక్కా, కూర్చోండి. మీరయినా చెప్పండి ఈయనకి. ఫోన్ జేబులోనే ఉంటుంది. నొక్కుతారట, వెళ్ళడం మర్చిపోతారట. బుడ్డదాని కన్నా అధ్వాన్నం. మొన్న గ్యాస్ కట్టేశారో లేదో అని నేను పన్లోంచి వెనక్కొచ్చాను. అసలు గ్యాస్ ముట్టుకున్నది నేనే అనుకోండి, అయినా భయం వేస్తుంది కదా. నౌకరీ పోతే ఇంక రోజంతా ఇంట్లో ఈయన్నెవరు కాస్తారు?"

"మతిమరుపేం లేదు సౌభాగ్యా," అంది నీలవేణి. గొంతు తనకే పలచగా వినిపించింది.

"లేకపోతే ముప్ఫై సంచుల రక్తం ఎలా పోయిందక్కా?"

నూకరాజు ట్యూబుని నీళ్ళలో మెల్లగా తిప్పుతున్నాడు. బుడగలు వచ్చినచోట బొటనవేలు ఆనించి తలెత్తాడు.

"టీ పెట్టమ్మా," అన్నాడు కోడలితో. ఆమె వంటింట్లోకి వెళ్ళాక గొంతు తగ్గించాడు. "నువ్వేటీ చెప్పకు."

"రేపు మీటింగుంది మావయ్యా. తఖత్‌పూర్ డాక్టరమ్మ వస్తోంది. నేను చెప్పేస్తాను."

"చెప్తే ఏటవుతాది? నీదీ పోతాది, నాదీ పోతాది. నా పేరు మీద ఉన్నదానికి నానే కద ఉండాల. మీ నాన్నయినా అదే అనీవోడు."

"నువ్వు బుధవారం ఎక్కడున్నావు?"

"దార్లోనే. చక్రం దిగిపోనాది." అతను ఇంకేదో చెప్పబోయి, వేలి కింద చిల్లుకేసి చూసి, ఆగిపోయాడు. "పోనీ. ఎల్లమ్మా. టీ తాగి ఎల్లు."

ఆమె టీ తాగింది. సౌభాగ్య ఇంకో రెండుసార్లు ముసలితనం గురించి చెప్పింది. రెండుసార్లూ నీలవేణి గ్లాసులోకి చూసింది. ఇంటికి తిరిగొస్తూ, లోలోపల తనకి కాస్త తేలిగ్గా ఉందని గమనించింది. అతను చెప్పొద్దన్నాడు. తను చెబుతానంది, అతనే వద్దన్నాడు. ఆ మాటని ఆమె నడుస్తున్నంతసేపూ తడుముకుంటూనే ఉంది. సందు చివరికొచ్చేసరికి దాని మీద అసహ్యం వేసింది. అయినా వదల్లేదు.

*

శుక్రవారం పదింటికి నాగేంద్ర, "మీటింగుకి మూడు కాపీలు కావాలి దీదీ. బుధవారం రికార్డు మొత్తం," అన్నాడు.

ఆమె రికార్డు తెరిచింది. సమయం, ఫ్రిజ్, ఎవరు, ఏం చేశారు. అయిదో నిలువు వరస ఎప్పుడూ ఎవరూ చూడరు. ఎక్కణ్ణుంచి నొక్కారన్నది అందులో ఉంటుంది. మిగతా టెక్నీషియన్లందరికీ ఫోన్ అని ఉంది. నూకరాజు పేరు పక్కన ఆఫీసు కంప్యూటర్ రెండు అని ఉంది. అంటే ఆమె చేతుల కింద ఉన్నదే.

ప్రింటు తీసేముందు ఏ వరసలు కావాలో కంప్యూటర్ అడుగుతుంది. ప్రతిదానికీ పక్కన చిన్న టిక్కు. ఆమె అయిదో టిక్కు తీసేసింది. మళ్ళీ పెట్టింది. ప్రింటరు వైపు చూసింది. అందులో కాగితాలు తెల్లగా, దొంతరగా ఉన్నాయి. తీసేసింది. ప్రింటు నొక్కింది.

మూడు కాపీలూ వెచ్చగా బయటికొచ్చాయి. పిన్ను కొట్టడానికి అంచులు సర్దుతుంటే ఆమె చేతులు వణకలేదు. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

మూడింటికి తఖత్‌పూర్ రక్తనిధి డాక్టరు మాధవీలత వచ్చింది. వరంగల్ మనిషి. నలభై అయిదేళ్ళుంటాయి. కాగితం తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివింది. నూకరాజు గోడవార స్టూలు అంచున కూర్చున్నాడు.

"నిన్న పొద్దున్న తొమ్మిదేళ్ళ పిల్లని తీసుకుని ఒక తల్లి వచ్చింది," అంది మాధవీలత. "సికిల్ సెల్ రక్తజబ్బు. ఆ పిల్లకి రక్తం ఎక్కించాల్సిన రోజు అది. పెట్టుకున్న రక్తం ఆ ముప్ఫై ఒకట్లో ఉంది. బస్సులో బిలాస్‌పూర్ పంపాను. ఇక్కడ దొరికింది, ఎక్కించారు. బాగానే ఉంది. కానీ ఆ బస్సెక్కించేటప్పుడు నేను ఆ తల్లి మొహం చూడలేకపోయాను." ఆమె కాగితం కింద పెట్టింది. "నూకరాజు గారూ, మిమ్మల్ని తిట్టడానికి రాలేదు. మా ఫ్రిజ్‌లు మూడేళ్ళుగా మీరే చూస్తున్నారు. పిలిస్తే రాని రోజు లేదు. ఆ రోజేమైందో నాకు అర్థం కావాలి."

"తప్పయిపోనాది మేడం."

"అది సరే. ఏమైంది? మీ ఫోన్ ఒకసారి చూపించండి. అలర్టొస్తే మీరేం చేస్తారు?"

నూకరాజు జేబులోంచి ఫోన్ తీసి దూరంగా పట్టుకుని తెరిచాడు. ఆమె కుర్చీలోంచి లేచి అతని పక్కకొచ్చింది.

"ఈ బొమ్మ చూస్తాను. ఇది మీ గేటు, నీలం గేటు. పక్కన గుర్తుంటాది. ఎర్రగా ఉంటే ఎల్తాను. ఆకుపచ్చగా ఉంటే అయిపోనట్టు."

"ఎవరు చెప్పారలాగని?"

"ఎవరూ చెప్పలేదు. చూసి చూసి నానే తెలుసుకున్నాను. ఆఫీసునుంచి ఫోనొస్తే ఎల్లిపోతాను. ఫోన్ రాకపోతే గుర్తు చూసుకుంటాను."

"బుధవారం చూశారా?"

నూకరాజు బొటనవేలితో ఫోన్ అంచుని తుడుస్తున్నాడు.

"చూశారా?"

"చక్రం అతికించుకున్నాక చూసినాను. రెండు దాటినాది." అతని గొంతు బాగా తగ్గిపోయింది. "మీ గేటు బొమ్మ ఉన్నాది. పచ్చగా ఉన్నాది. అయిపోనాది కామోసని ఇటొచ్చీసినాను."

నాగేంద్ర ముందుకి వంగాడు. "అదెలా, అంకుల్? మీరు నొక్కితేనే కదా పచ్చ అవుతుంది. మీరు రెండింటికి చూశానంటున్నారు, నొక్కింది ఒంటిగంట పద్నాలుగుకి. ఎవరు నొక్కారు మరి?"

నీలవేణి ఎన్నడూ నూకరాజు ఫోన్ చూడలేదు. తను నొక్కితే ఇక్కడ పసుపయ్యేది అక్కడ ఏ రంగు అవుతుందో అడగలేదు. ఇన్ని రోజులూ తను మర్చిపోయిన ఫోన్ కాల్ గురించే బాధపడింది. కాల్ మర్చిపోయినా ఫరవాలేకపోయేది. తను ముట్టుకోకుండా ఉంటే ఆ గుర్తు ఎర్రగానే ఉండేది, అతను రెండింటికి చూసేవాడు, మూడింటికల్లా అక్కడుండేవాడు.

"నేను నొక్కాను," అంది.

నాగేంద్ర ఆమె వైపు తిరిగాడు. నూకరాజు తిరగలేదు.

"ఆయన లాగిన్ నా దగ్గరుంది. ఏప్రిల్ నుంచీ దాదాపు అన్నీ నేనే నొక్కాను. ఈ కాగితంలో ఒక వరస తీసేశాను. అందులో ఉంటుంది."

"ఎందుకు నొక్కేవారు?" అంది మాధవీలత.

"ఆయనకి సాయంగా ఉంటుందని..." ఆ మాట సగంలో ఆమె నోట్లోనే ఆగిపోయింది. ఎర్ర గడి, బిగిసే గొంతు, కదిలే చెయ్యి, పసుపవగానే పూర్తిగా ఆడే ఊపిరి. అందులో నూకరాజు ఎక్కడున్నాడో ఆమె వెతికింది. ఎక్కడో తర్వాత ఉన్నాడు. "ఎరుపు చూడలేక," అంది.

నాగేంద్ర కుర్చీ వెనక్కి తోశాడు. "కమాల్ హై, దీదీ. మీ మీద నమ్మకంతో నేను రికార్డే చూడను." అతను నిజంగా నొచ్చుకున్నాడు. "మేడం, ఇద్దర్నీ తీసెయ్యాల్సిందే. లాగిన్ ఇంకొకరికివ్వడం కూడా తప్పే, రాసి ఉంది."

మాధవీలత కళ్ళజోడు తీసి మడిచింది. "మా ఫ్రిజ్‌కి సొంతంగా ఒక కూత ఉంది నాగేంద్ర గారూ. వేడెక్కితే అరుస్తుంది. నర్సులు విసుక్కుంటున్నారని నేనే ఆపించాను. మీ అలర్టు ఉంది కదా అని. ఆ నాలుగున్నర గంటలూ పక్క గదిలో నలుగురున్నారు." నూకరాజుని బయట కూర్చోమని పంపి, గొంతు తగ్గించింది. "ఆయనకి ఒక అవకాశమివ్వండి. రేపు చెప్పకుండా మా ఫ్రిజ్ మీద ఒక అలర్టు పెట్టండి. ఎవరూ సాయం చెయ్యొద్దు. ఎవరూ నొక్కకపోతే నాదాకా రానివ్వండి."

నాగేంద్ర ఆలోచించి ఒప్పుకున్నాడు. పదిహేను నిమిషాల్లో నొక్కకపోతే పరీక్ష తప్పినట్టే, నూకరాజుని తీసేస్తారు. నీలవేణి విషయంలో ఆలోచించడానికేం లేదు. రేపు సాయంత్రం అయిదింటికి తాళాలూ లాగిన్లూ అప్పగించి వెళ్ళాలి. పరీక్ష రూల్ ఆమే పెట్టాలి, ఇంకెవరికీ రాదు కనక.

బయట కూర్చున్న నూకరాజుని ఇక వెళ్ళమన్నారు. అతను చెప్పులు తొడుక్కుంటుంటే నీలవేణి తలుపు దాకా వెళ్ళింది.

"మావయ్యా."

"పచ్చ చూసి ఎన్నిసార్లు వెనక్కి మళ్ళిపోనానో నాకు తెల్దు," అన్నాడు అతను మెట్లకేసి చూస్తూ. "నానే నేర్చుకున్నాననుకున్నాను."

వస్తానమ్మా అని అనకుండా దిగి వెళ్ళిపోయాడు.

*

శనివారం పదిన్నరకి ఆమె తఖత్‌పూర్ రెండో ఫ్రిజ్ రూల్ తెరిచింది. కొత్త ఫ్రిజ్ పెట్టారు. లోపల నాలుగు డిగ్రీలు, నిలకడగా ఉంది. పై హద్దు దగ్గర ఆరు తీసేసి మూడు పెట్టింది. ఎంతసేపు అన్నచోట పది తీసేసి సున్నా పెట్టింది. మిగతావి మార్చలేదు. మొదట నూకరాజుకి. పదిహేను నిమిషాలకి నాగేంద్రకి. ఇంకో పదిహేనుకి మాధవీలతకి. నూకరాజు లాగిన్ మార్చేశారు, అది ఇప్పుడామె దగ్గర లేదు. రూల్సు మార్చే హక్కు మాత్రం అయిదింటిదాకా ఉంది.

పదీ నలభైకి సేవ్ నొక్కింది. గడి ఎర్రబడింది.

కిటికీలోంచి చూస్తే ఎదురుగా టీ కొట్టు. నూకరాజు బెంచీ మీద కూర్చుని గ్లాసు ఊదుకుంటున్నాడు. అతని చెయ్యి జేబు మీదికెళ్ళింది. ఫోన్ తీసి దూరంగా పెట్టి చూశాడు. దగ్గరికి తెచ్చి చూశాడు.

నొక్కు మావయ్యా, అనుకుంది.

అతను ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. టీ సగం ఉండగానే గ్లాసు బెంచీ కింద పెట్టి, ఎదర బుట్టలో పనిముట్ల సంచీ ఉందో లేదో తడిమి చూసి, మోపెడ్ తొక్కి స్టార్ట్ చేశాడు. వీధి మలుపు దగ్గర ఎడం చెయ్యి చాపి సైగ చేసి తిరిగాడు.

ఎర్రగా ఉంటే ఎల్తాను, అన్నాడు నిన్న. వెళ్తున్నాడు. తఖత్‌పూర్ గంట దారి. ఆ గంటలో అతను ఫోన్ ముట్టుకోడు.

పదీ నలభై నాలుగు.

పరుగెత్తి పట్టుకోలేదు. ఫోన్ చెయ్యొచ్చు, కానీ బండి మీద అతనికి వినపడదు. వినపడినా అది సాయం కిందే లెక్క. ఇంకొకటుంది. రూల్ ఇంకా ఆమె ముందు తెరిచే ఉంది. పదిహేను అన్నచోట తొంభై అని పెడితే చాలు. రెండు అంకెలు. నాగేంద్ర తన గదిలో ఫోన్లో ఎవరితోనో నవ్వుతున్నాడు. అతను రికార్డు చూడడు. ఇకనుంచి చూస్తాడేమో గాని, ఈ ఒక్కపూట చూడడు. నూకరాజు అక్కడికెళ్ళి, ఎవరైనా చెబితే నొక్కుతాడు. పాసవుతాడు.

గడి ఎర్రగా ఉంది. చెయ్యి అంకె మీదికెళ్ళి, పదిహేనుని చెరిపేసింది కూడా. ఆ ఖాళీ చోట గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది. తొంభై పెడితే అతను గెలిచినట్టుంటుంది. అతని పేరు మీద ఇంకో సంతకం తను పెట్టినట్టుంటుంది. అదికూడా అతనికి తెలియకుండా.

ఆమె మళ్ళీ పదిహేను అని రాసింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది.

చూడటం ఇంత కష్టమని ఆమెకి తెలియదు. కళ్ళు మూసుకుంటే రెప్పల వెనక కూడా ఎర్రగానే ఉంది. తెరిచింది. వేళ్ళు మొద్దుబారాయి. పదీ యాభై అయిదుకి పక్కగదిలో నాగేంద్ర ఫోన్ కూసింది. అతను వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నొక్కలేదు కదా. ఫెయిల్." చేతిలో ఉన్న కాగితం మీద రాసుకున్నాడు. అతని గొంతులో సంతోషమేం లేదు. "నేనేం చెయ్యను దీదీ. నాకూ బాధే."

"బయల్దేరాడు," అంది ఆమె.

"నొక్కాలి కదా."

పదకొండూ పదికి మూడో అలర్టు మాధవీలతకి పోయింది. తర్వాత ఏమీ జరగలేదు. కింద ఇనుప కొట్లో రేకులు దించుతున్న మోత. నాగేంద్ర వచ్చి ఎదురుగా కూర్చుని అప్పగింతల కాగితంలో ఒక్కోటీ అడిగాడు, ఆమె ఒక్కోటీ చెప్పింది. బీరువా తాళం. కరెంటు బిల్లుల ఫైలు. లాగిన్లు.

పావు తక్కువ పన్నెండుకి అతని ఫోన్ మోగింది. పేరు చూసి స్పీకర్లో పెట్టాడు.

"మీ మనిషి వచ్చాడు," అంది మాధవీలత. "ఇప్పుడే ఫ్రిజ్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని తలుపు రబ్బరు తడుముతున్నాడు. ఇది పరీక్ష అని నేను చెప్పలేదు."

"మంచిదే మేడం. కానీ రూల్ ప్రకారం ఫెయిలయ్యాడు."

"రూల్ ప్రకారం బుధవారం పాసయ్యాడు నాగేంద్ర గారూ. ముప్ఫై ఒక్క సంచులు పోయాయి. ఇవాళ ఫెయిలయ్యాడు, మనిషి నా ముందున్నాడు. మాకు ఏది కావాలో నేను ఇవాళే కాగితం మీద రాసి మీ కంపెనీకి పంపుతాను. అది వచ్చేదాకా ఆయన్ని తీసెయ్యకండి."

నాగేంద్ర "ఠీక్ హై మేడం," అని ఫోన్ పెట్టేశాడు. తను రాసుకున్న ఫెయిల్ అన్న మాటని కొట్టెయ్యలేదు, కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అంకుల్ సంగతి సోమవారం చూద్దాం," అన్నాడు. లేస్తూ, ఆమె మొహంలోకి చూడకుండా, "మీది మాత్రం అయిదింటికే దీదీ," అన్నాడు.

"తెలుసు," అంది.

ఆమె చేతులు బయటికి తీసింది. కుర్చీ అల్లిక అచ్చులు అరచేతుల మీద పడి ఉన్నాయి. ఫోన్ మోగింది. నూకరాజు.

"ఏటమ్మా, ఫ్రిజ్జి చల్లగానే ఉన్నాది. నాలుగు చూపిస్తన్నాది. రబ్బరు చూసినాను, కంప్రెసరు చెవి పెట్టి విన్నాను, ఏటీ లేదు. మరి ఈ గుర్తు చూస్తే ఎర్రగానే ఉండిపోనాది." నిన్నటి మాటలు అతని గొంతులో ఇంకా ఉన్నాయి. "నువ్వు తీసెయ్యగలవా?"

"నేను తియ్యలేను మావయ్యా. నువ్వే తియ్యాలి."

"ఎలాగ?"

"ఆ ఎర్ర గుర్తు మీద బొటనవేలు పెట్టు. వేలు తీసెయ్యకు, పెట్టి ఉంచు."

అవతల అతను ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసిన చప్పుడు. దూరంగా నర్సెవరో ఏదో అన్నారు. అతను వద్దమ్మా, నానే, అన్నాడు.

నీలవేణి గోడకేసి చూసింది. గడి ఎర్రగా ఉంది. ఇంకా ఎర్రగానే ఉంది. ఆమె చూస్తూ కూర్చుంది.